అదే పాయ, అదే చెట్టు



నేను యూనివర్సిటీలో జీవావరణ శాస్త్రం పాఠం చెబుతాను. చుట్టాలిళ్ళలో పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతుంటారు, "అడవుల్లోకి వెళ్తావటగా, వెళ్ళి ఏం చేస్తావే అమ్మాయ్?" అని. చెట్లు కొలుస్తాను పిన్నీ అంటాను. "కొలిచాక?" వచ్చే ఏడు వెళ్ళి మళ్ళీ అవే చెట్లు కొలుస్తాను. "ఆ తరవాత?" ఆ తరవాతేడు మళ్ళీ. అక్కడితో మాట వేరే సంగతుల మీదికి మళ్ళుతుంది. నేను మాత్రం ఆ జవాబు మనస్ఫూర్తిగానే చెబుతాను. ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం, ఏమీ జరగనట్టు కనిపించిన ఏడు కూడా వెళ్ళడం, చూసింది చూసినట్టు రాసిపెట్టడం. ఈ వృత్తిలో అసలు పని అదే. ఆ పని రోజువారీగా ఎలా ఉంటుందో, అది ఎందుకు ఆగకూడదని నేను అనుకుంటున్నానో ఇవాళ చెబుతాను.

నేను వెళ్ళే చోటు కోరంగి. కాకినాడకి దక్షిణాన, గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే ప్రాంతంలో ఉన్న మడ అడవి. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణం. చొల్లంగి దగ్గర చెక్కవంతెన మీద నడిచి చూసి వచ్చినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. మేం పనిచేసేది ఆ వంతెన దాటి చాలా లోపల, పాయల్లోంచి పాయల్లోకి పడవ మీద వెళ్తే తప్ప అందని చోట. అక్కడ పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పున తాళ్ళతో గళ్ళు కొలుచుకుని, ఒక్కో గడిలో ఉన్న ప్రతి చెట్టుకూ అల్యూమినియం బిళ్ళ మీద నంబరు కొట్టి తగిలించాం.

అక్కడికి ఎప్పుడు వెళ్ళాలో నిర్ణయించేది సముద్రం. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. మర్నాటికి ఆ వేళ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, ఆటు కూడా బాగా లాగుతుంది. అష్టమి రోజుల్లో నీళ్ళు అంతగా కదలవు. సర్వే ఆఫ్ ఇండియా వారు ఏటా అచ్చువేసే ఆటుపోట్ల పట్టికలు మా డిపార్టుమెంటులో ఉన్నాయి. వాటి పక్కనే గోడకి తెలుగు పంచాంగం క్యాలెండరు కూడా వేలాడుతుంది. కోరంగి జాలర్లతో మాట్లాడాలంటే తేదీ చెబితే సరిపోదు, తిథి చెప్పాలి. మా పడవ నడిపే పెద్దాయనకి ఫోను చేసి, "బాబాయ్, గురువారం వద్దామనుకుంటున్నాం" అంటే ఒక్క క్షణం ఆగి, "గురువారం దశమండమ్మా. నీళ్ళు లాగవండి. ఆ బురదలోకి దిగి ఏం చేత్తారు? చతుర్దశికి రండి, ఆయ్, తెల్లారగట్లే ఎల్దారి" అంటాడు. ఆయన పట్టిక ఎన్నడూ చూడలేదు. తరవాత నేను పట్టిక తీసి చూసుకుంటే ఆయన చెప్పినదే అందులో ఉంటుంది.

మడ అడవిలో పని తీరే వేరు. చిన్న పాయల్లోకి పడవ దూరాలంటే నీళ్ళుండాలి, అంటే పోటు మీదే లోపలికి వెళ్ళాలి. చెట్ల కింద నిలబడి పని చెయ్యాలంటే బురద బయటపడాలి, అంటే ఆటు లాగాలి. లాగాక పడవ కదలదు. మళ్ళీ పోటు వచ్చేదాకా ఆ అడవిలోనే. ఆ గంటలన్నీ పనిగంటలే. మోకాలు దిగబడే ఒండ్రు, దాంట్లోంచి పైకి పొడుచుకొచ్చిన వేలకొద్దీ శ్వాసవేళ్ళు. చెప్పులు వేసుకుంటే బురద లాగేసుకుంటుంది, వట్టి కాళ్ళతో దిగితే కోసుకుపోతాయి. అందుకని గుడ్డబూట్లు తాడుతో చీలమండకి బిగించి కట్టుకుంటాం.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆరేడు గంటలు మరుగు లేని చోట ఉండాల్సి వస్తుందని మాతో వచ్చే ఆడపిల్లలు ముందురోజు సాయంత్రం నించే నీళ్ళు తాగడం మానేసేవారు. ఎండలో, ఉప్పుగాలిలో అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఇప్పుడు వెంట ఇంకో పెద్ద పడవ తీసుకెళ్తాం, దాని చివర తెరకట్టి మరుగు ఏర్పాటు చేస్తాం. ఆ పడవ అద్దె బడ్జెట్లో వేస్తే కొందరు కొట్టేయబోయారు. నేను ఒప్పుకోలేదు. టేపు, తక్కెడ ఎంత అవసరమో అదీ అంతే అవసరం. అది లేకపోతే సగంమంది విద్యార్థులు అడవిలోకి రాలేరు.

కొలిచే పద్ధతి చూడ్డానికి సులువే. నేల నించి 1.37 మీటర్ల ఎత్తున, అంటే మనిషి రొమ్ము ఎత్తున, మాను చుట్టూ టేపు బిగిస్తాం. పొన్న చెట్టయితే దానికి ఊతవేళ్ళు మాను మీంచే దిగుతాయి కాబట్టి అన్నిటికన్నా పైనున్న ఊతవేరు దాటి, ఆ పైన కొలవాలి. ఒకరు కొలిచి అరుస్తారు: "నూట నలభై రెండు, నల్ల మడ, ముప్పై ఎనిమిది పాయింట్ నాలుగు." రాసేవాళ్ళు అదే మాట తిరిగి పైకి చదువుతారు. చదవకుండా రాస్తే నేను ఊరుకోను. రాసేది పెన్సిలుతో. సిరా అయితే ఒక్క అల చాలు, పొద్దుటినించీ చేసినదంతా నీలిమరకగా మారిపోతుంది. బిళ్ళ కొట్టిన మేకు చుట్టూ బెరడు పెరిగి కొన్నేళ్ళకి బిళ్ళని కప్పేస్తుంది, దాన్ని వెతికి, విడిపించి, మళ్ళీ కొట్టాలి. తిల్ల చెట్ల దగ్గర మాత్రం మేకు కొట్టం, రంగుతో గీత గీసి సరిపెడతాం. తిల్లపాలు ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. కొత్తగా వచ్చిన పిల్లలకి బాబాయ్ మొదట చూపించే చెట్టు అదే.

ఇంత కష్టపడి కొలిస్తే ఏడాదిలో ఆ చెట్టు చుట్టుకొలత ఎంత పెరుగుతుంది? చాలా చెట్లకి కొద్ది మిల్లీమీటర్లు. టేపు ఒకరు కొంచెం బిగించి, ఇంకొకరు కొంచెం వదులుగా పట్టుకుంటే వచ్చే తేడా కూడా దాదాపు అంతే. అంటే రెండేళ్ళ కొలతలు పక్కపక్కన పెట్టి ఈ చెట్టు పెరిగిందనో పెరగలేదనో చెబితే ఆ మాట నమ్మడానికి లేదు. అయిదేళ్ళు, పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు అవే చెట్లని కొలుస్తూ పోతే చేతి తేడాలు అటూ ఇటూ సర్దుకుని, చెట్టు అసలు పెరుగుదల బయటపడుతుంది. వాన బాగా పడిన ఏళ్ళలో ఎంత, గోదావరిలో నీళ్ళు తగ్గిన ఏళ్ళలో ఎంత అన్నది అప్పుడు తెలుస్తుంది. పిన్నిగారి ప్రశ్నకి పూర్తి జవాబు ఇది.

చెట్ల కింద వలలు కూడా కడతాం. జాలర్ల దగ్గర కొన్న సన్నకన్ను వలే. పెద్ద పోటుకి కూడా మునగనంత ఎత్తులో, కొమ్మలకి నాలుగు మూలలా బిగించి, రాలిన ఆకు నేల మీద పడకుండా పట్టుకుంటాం. నెలకోసారి ఆ వలలు దులిపి, సంచుల్లో నింపి, లేబులు రాసి తెస్తాం. మర్నాడు పొద్దున్న మా ప్రయోగశాలలో పొడుగుబల్ల మీద సంచి బోర్లించి కూర్చుంటారు పిల్లలు. ఆకులు ఒక కుప్ప, పుల్లలు ఒక కుప్ప, పూలు, కాయలు. నల్ల మడ ఆకు వేరు, తెల్ల మడ ఆకు వేరు. పసుపెక్కి రాలినది ఒకటి, పురుగు తిని రాలినది ఇంకొకటి. పూరేకులు గాలికి ఎగిరిపోతాయని ఫ్యాను ఆపేస్తాం. వేరుచేసినవి కాగితం కవర్లలో పెట్టి డెబ్భై డిగ్రీల వేడిలో ఆరబెట్టి, బరువు ఇక తగ్గని దాకా తూస్తాం. బయటినించి ఎవరైనా వచ్చి చూస్తే, ఎమ్మెస్సీ చదివిన పిల్లలు ఎండుటాకులు ఏరుకుంటున్నారేమిటా అనుకుంటారు.

ఆ ఆకులే అక్కడి వాళ్ళ తిండి. 1970ల మొదట్లో దక్షిణ ఫ్లోరిడాలో విలియం ఓడమ్, ఎరిక్ హీల్డ్ అనే ఇద్దరు ఇదే పని చేసి చూపించారు. మడచెట్టు ఆకుని పచ్చిగా తినే జీవులు తక్కువ. రాలిన ఆకు నీళ్ళలో నాని, బూజు, బాక్టీరియా పట్టి, తునాతునకలయ్యాక దాన్ని చిన్న పీతలు, రొయ్యలు, పురుగులు తింటాయి, వాటిని చేపలు తింటాయి. కోరంగి పాయల్లో కంఠం దాకా నీళ్ళలో దిగి, అడుగుబురద చేత్తో తడిమి రొయ్యలు పట్టే ఆడవాళ్ళని చూస్తుంటాను. మా తక్కెడ మీద తూగే ఎండుటాకుకీ వాళ్ళ నడుముకి కట్టుకున్న బుట్టకీ మధ్య ఉన్న దారి ఇదే. ఏ నెలలో ఆకు ఎక్కువ రాలుతుందో, ఆ తరవాత ఎన్నాళ్ళకి రొయ్యపిల్ల కనిపిస్తుందో వాళ్ళకి అనుభవం మీద తెలుసు. దాన్ని గ్రాముల్లో చెప్పగలగడం మా వంతు.

ఇక తరగతి గది. మా దగ్గరికి వచ్చే పిల్లలు ఆవరణ వ్యవస్థ అనే భావనని 1935లో టాన్‌స్లీ ప్రవేశపెట్టాడని అప్పజెబుతారు, ఆహారపు గొలుసు బొమ్మ చక్కగా గీస్తారు. వాళ్ళని తిట్టి లాభం లేదు, పరీక్షల్లో మనం అడిగేది అదే కదా. మన దేశంలో ఈ శాస్త్రానికి ఆద్యుడని చెప్పుకునే రామ్‌దేవ్ మిశ్రా కాశీలో పాఠం చెప్పిన రోజుల్లో కొలతకీ ప్రయోగానికీ పెద్దపీట వేశారు. 1968లో ఆయన ప్రచురించిన ఎకాలజీ వర్క్‌బుక్ పొలంలో, చెరువుగట్టున, గడ్డినేలలో ఏమేం చేసి చూడాలో చెప్పే పుస్తకం. నేను దాన్నే నమ్ముకున్నాను. మొదటి వారంలోనే పిల్లల్ని తీసుకెళ్ళి, తెల్ల మడ ఆకు కోసి చేతికిస్తాను. నాకి చూడమంటాను. ఆ చెట్టు ఒంట్లో చేరిన ఉప్పుని ఆకు మీది గ్రంథుల ద్వారా బయటికి పంపేస్తుంది. ఎండవేళ ఆకు మీద సన్నటి ఉప్పుపలుకులు కనబడతాయి కూడా. నాకిన పిల్ల మొహం చూడాలి అప్పుడు. ఆ తరవాత ఆమెకి ఉప్పునీటి మొక్కల గురించి నేను నోట్సు చెప్పాల్సిన పని ఉండదు, తనే అడగడం మొదలుపెడుతుంది.

మొక్కని గుర్తుపట్టడం మాత్రం తగ్గిపోతోంది. ఈ విషయంలో నాకు నిజంగా బెంగ. ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటరు లెక్కలు ఈనాటి పిల్లలకి వెన్నతో పెట్టిన విద్య, నాకన్నా బాగా చేస్తారు. కాని ఆ చిత్రంలో పచ్చగా కనబడే మచ్చ ఏ చెట్టుదో నేల మీద నిలబడి ఎవరో ఒకరు చెప్పాలి. మా హెర్బేరియంలో మొక్కల్ని పాత న్యూస్‌పేపర్లలో నొక్కి ఆరబెట్టి, అట్టల మీద కుట్టి పెట్టుకుంటాం. పేరు తేల్చుకోడానికి గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద రాసిన సంపుటాలు తిరగేస్తాం. 1915లో మొదలైన పుస్తకం అది, ఇప్పటికీ బల్ల మీంచి దిగదు. ఒక్క మొక్క పేరు తేల్చడానికి ఒక్కోసారి మధ్యాహ్నమంతా పడుతుంది. ఆ మధ్యాహ్నాన్ని వృథా అనుకునే వాతావరణం యూనివర్సిటీల్లో పెరగడం మంచిది కాదు.

మొక్కల పేర్లంటే నాకు గుర్తొచ్చే మనిషి విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడు. 1781 నించి 1793 దాకా మన సామర్లకోటలో ఉన్నాడు. కోరంగికి అది అంత దూరమేమీ కాదు. చుట్టుపక్కల అడవుల్లో, గట్ల మీద, ఉప్పుకయ్యల్లో దొరికిన ప్రతి మొక్కా తెప్పించి, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795లో మొదలై మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో వెలువడిన గ్రంథం అలా తయారైంది. దానిలో లాటిన్ పేరుతో పాటు తెలుగు పేరు కూడా ఉంటుంది. ఆ పేర్లు ఆయనకి చెప్పినవాళ్ళు ఇక్కడి పల్లెజనమే. బొమ్మలు వేసినవాళ్ళ పేర్లయినా, మొక్కలు చూపించినవాళ్ళ పేర్లయినా చాలావరకు ఆ పుస్తకంలో లేవు. అది నాకు బాధ. అందుకే మా వ్యాసాల్లో మాకు దారి చూపిన జాలర్ల పేర్లు, వాళ్ళకి ఇష్టమైతే, రాసే తీరతాం.

రాక్స్‌బర్గ్ చేసిన ఇంకో పని గురించి తక్కువమందికి తెలుసు. ఆయనకి వాతావరణం రాసుకునే అలవాటు. పాదరసం ఎంత ఎక్కింది, వాన ఎంత పడింది, గాలి ఎటు వీచింది, రోజూ రాసేవాడు. 1787లో ఈ తీరం మీద వచ్చిపడిన ఉప్పెనలో ఆయన పుస్తకాలు, సేకరించిన మొక్కలు కొట్టుకుపోయాయి. అయినా రాయడం మానలేదు. ఆ తరవాత 1789 నించి వరసగా వానలు ఎగ్గొట్టి ఉత్తర సర్కారు జిల్లాల్లో ఘోరమైన కరువు వచ్చింది. ఆ ఏళ్ళ వాన లెక్కలూ రాసిపెట్టాడు. ఇది జరిగిన రెండు వందల ఏళ్ళకి, 1998లో, రిచర్డ్ గ్రోవ్ అనే చరిత్రకారుడు ఆ లెక్కల్ని ఇతర దేశాల రికార్డులతో కలిపి చదివి, 1789 నించి 1793 దాకా ప్రపంచమంతటినీ పట్టి కుదిపిన ఎల్‌నినో ఒకటి వచ్చిందని నేచర్ పత్రికలో రాశాడు. పసిఫిక్ మహాసముద్రం వేడెక్కడానికీ గోదావరి జిల్లా కరువుకీ ముడి ఉందని చెప్పడానికి సామర్లకోటలో ఒక మనిషి రోజూ రాసుకున్న అంకెలు సాక్ష్యమయ్యాయి. రాసేటప్పుడు ఆయనకి ఎల్‌నినో అంటే ఏమిటో తెలిసే అవకాశమే లేదు. మా పిల్లలు పెన్సిలు చెక్కుకుంటూ విసుక్కున్నప్పుడల్లా ఈ కథ చెబుతాను.

రాక్స్‌బర్గ్‌కి ప్రాజెక్టు గడువు లేదు, మాకుంది. పరిశోధనకి డబ్బు మూడేళ్ళకి వస్తుంది. మొదటి ఏడు సగం అనుమతులకే పోతుంది. అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి తప్పనిసరి, ఉండాలి కూడా. చివరి ఏడు సగం ఖర్చుల లెక్కలకీ వినియోగ పత్రాలకీ నివేదికలకీ పోతుంది. మధ్యలో మిగిలిన కాలంలో చెట్టు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండో విడత అడిగితే ఒక సంస్థవారు, "మళ్ళీ అదే పనా? ఇందులో కొత్తేముంది?" అని రాసి తిప్పి పంపారు. అదే పని కాబట్టే అడుగుతున్నాం అని నేను జవాబు రాశాను. డబ్బు రాలేదు. ఆ ఏళ్ళలో పిల్లలు, నేను, బాబాయ్ కలిసి దొరికినదానితో నెట్టుకొచ్చాం. కొలత మాత్రం తప్పలేదు. ఇలాంటి పని ఆగకుండా సాగుతున్న చోటూ ఉంది. తమిళనాడులోని ముదుమలైలో రామన్ సుకుమార్ బృందం 1988లో యాభై హెక్టార్ల అడవిని గుర్తించి, సెంటీమీటరు మందం దాటిన ప్రతి కాండాన్నీ లెక్కలో పెట్టి ఇప్పటికీ చూస్తోంది. ఏనుగులు ఏం విరిచాయి, నిప్పు ఏం కాల్చింది, లాంటానా పొద ఎక్కడెక్కడ అల్లుకుంది అన్నది అక్కడ అంకెల్లో ఉంది. తూర్పు తీరానికి, ముఖ్యంగా మన నదుల మొగల దగ్గర, అలాంటి గడులు ఇంకా చాలా కావాలి.

ఎందుకు కావాలో ఒడిశా చెబుతుంది. 1999 అక్టోబరు తుపానులో కేంద్రపడా జిల్లాలో ఏ ఊళ్ళో ఎంతమంది చనిపోయారు, ఆ ఊరికీ సముద్రానికీ మధ్య ఎంత వెడల్పు మడ అడవి ఉంది అన్నది సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ వందలకొద్దీ ఊళ్ళకి లెక్క కట్టారు. అడవి వెడల్పుగా ఉన్న ఊళ్ళలో చావులు తక్కువ. 2009లో ఆ వ్యాసం వచ్చింది. వాళ్ళు 1944 నాటి అడవి ఎక్కడిదాకా ఉండేదో కూడా లెక్కలోకి తీసుకున్నారు. లేకపోతే, అడవి మిగిలిన ఊళ్ళు సహజంగానే సురక్షితమైన చోట ఉన్నాయేమో అనే అనుమానం తీరదు. పాత విస్తీర్ణం ఎవరో నమోదు చేసి ఉంచబట్టే ఆ అనుమానం తీర్చగలిగారు. మన దగ్గర 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను సంగతి వినని ఇల్లు ఆ తీరంలో లేదు. తుపాను కబురు రాగానే పడవల్ని లోపలి పాయల్లోకి తెచ్చి మడచెట్లకి కట్టుకోవడం జాలర్లకి తాతలనాటి అలవాటు.

రికార్డు లేకపోతే ఏమవుతుందో ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో చూస్తుంటాను. కొత్త పరిశ్రమ వస్తోందంటే పర్యావరణ ప్రభావ నివేదిక తయారుచేస్తారు. అందులో మొదటి పరిస్థితిని సాధారణంగా ఒక్క రుతువులో, అదీ వానాకాలం కాని రుతువులో చూసి రాస్తారు. గోదావరి మొగ దగ్గర వేసవిలో నీరు దాదాపు సముద్రమంత ఉప్పగా ఉంటుంది, వరదల్లో అదే పాయ నీరు తాగేంత చప్పబడుతుంది. చేపలు మారతాయి, పీతలు మారతాయి, పక్షులు మారతాయి. ఒక్క రుతువు చూసి ఆ చోటు గురించి ఏం చెప్పగలం? పిలిచినప్పుడల్లా ఆ సభలకి వెళ్తాను, మా నోటుపుస్తకాల్లో ఉన్నది చదువుతాను. ఎవరికీ వ్యతిరేకంగా మాట్లాడను, ఎవరి తరఫునా మాట్లాడను. ఆగస్టులో ఇలా ఉంది, మే నెలలో ఇలా ఉంది అంటాను. ఊళ్ళోవాళ్ళు శ్రద్ధగా వింటారు, ఎందుకంటే అది వాళ్ళు ఎరిగినదే.

అలాంటి రికార్డు ఒక కాలవనే పక్కకి జరిపించింది. కడప జిల్లా లంకమల అడవుల అంచున ఉండే కలివికోడి 1900 తరవాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భారత్ భూషణ్ రెడ్డిపల్లి దగ్గర దాన్ని మళ్ళీ కనుక్కున్నారు. అక్కడి వేటగాళ్ళు ఆ పక్షిని ఎరుగుదురు, పట్టి చూపించిందీ వాళ్ళే. అది రాత్రిపూట తిరిగే పిట్ట, కంటికి చిక్కదు. తరవాత వచ్చిన పరిశోధకులు పొదల మధ్య మట్టిని చదునుచేసి పట్టీలు పరిచి, తెల్లవారగానే వాటి మీద పాదముద్రలు వెతికేవారు. ఎన్నో తెల్లవారుజాముల పని. ఆ ముద్రల వల్ల, కెమెరాల వల్ల పక్షి ఎక్కడెక్కడ తిరుగుతోందో పటం మీద గుర్తులు పడ్డాయి. తెలుగుగంగ కాలవ ఆ గుర్తుల మీదుగా రాబోతే, దాన్ని పక్క దారిన మళ్ళించారు.

అన్నీ ఇంత పెద్ద సంగతులే ఉంటాయని కాదు. నాకు ఎక్కువగా వచ్చే ఫోన్లు చేపల చెరువుల వాళ్ళవి. "మేడంగారండీ, రాత్రి బానే ఉన్నాయండి. తెల్లారేసరికి చేపలన్నీ తేలిపోయాయండి. ఎవరో మందు కలిపుంటారండి." ఊళ్ళో పాతకక్షలుంటే ఆ అనుమానం ఎంతదూరమైనా వెళ్తుంది. నేను మొదట అడిగేది, రెండుమూడు రోజులుగా మబ్బుగా ఉందా అని. చెరువులో పచ్చటి నాచు పగలు ఎండలో ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి అదీ పీల్చుకుంటుంది. మబ్బులు పట్టి పగలు ఇచ్చేది తగ్గితే, తెల్లవారేసరికి నీళ్ళలో ప్రాణవాయువు అడుగంటుతుంది. మధ్యాహ్నం వచ్చి నీళ్ళు తీసి పరీక్షిస్తే మళ్ళీ మామూలుగానే కనిపిస్తుంది, అనుమానం మిగిలిపోతుంది. అందుకని వాళ్ళకి చెబుతాను, రేపు తెల్లవారుజామున నాలుగింటికి, గాలిబుడగ ఒక్కటి కూడా లేకుండా సీసా నీళ్ళలోనే ముంచి నింపండి, మా కుర్రాడు మందులు తెస్తాడు, అక్కడే కలుపుతాడు అని. మాంగనీసు ద్రావణం, దాని వెంట క్షారం వేసిన అయొడైడు కలిపితే, ప్రాణవాయువు ఉన్న నీరు గోధుమరంగుకి తిరిగి విరుగుతుంది. లేని నీరు తెల్లగా విరుగుతుంది. పెట్రోమాక్స్ వెలుతురులోనైనా ఆ తేడా అందరికీ కనబడుతుంది. తెల్లటి విరుగుడు ఉన్న సీసాని గట్టు మీద నిలబడ్డవాళ్ళందరి చేతుల్లోనూ తిప్పుతాం. ఒకసారి ఆ సీసా చూశాక ఇద్దరు అన్నదమ్ములు కేసు వెనక్కి తీసుకున్నారు. నా ఉద్యోగంలో నాకు గొప్ప తృప్తినిచ్చిన రోజుల్లో అదొకటి.

మిగతాది మామూలు పనే. పిల్లల థీసిస్‌లు దిద్దడం, వైవాలు, పరీక్ష పేపర్లు, ఇతరులు పంపిన వ్యాసాలు చదివి మంచిచెడ్డలు రాసి పంపడం. ఆ వ్యాసాలు చదివినందుకు ఎవరూ డబ్బివ్వరు, ఇవ్వకూడదు కూడా.

నా సర్వీసు ఇంకెన్నాళ్ళో లేదు. అందుకే ఇప్పుడు ఎక్కువ సమయం నోటుపుస్తకాల మీద పెడుతున్నాను. ప్రతి పేజీ స్కాన్ చేసి, ఏ పాయ ఎక్కడిదో బాబాయ్ చెప్పిన పేరూ అక్షాంశ రేఖాంశాలూ రెండూ రాసి, మూడు వేరువేరు చోట్ల దాస్తున్నాం. పాయల పేర్లు పటాల్లో లేవు, ఆయన తరం వాళ్ళ నోళ్ళలోనే ఉన్నాయి. అవి రికార్డు చెయ్యడానికి ఒక విద్యార్థిని రోజూ ఆయన వెంట తిరుగుతోంది. ఈ గడుల పని చూడటానికి నా తరవాత ఇద్దరు యువ అధ్యాపకులు ముందుకొచ్చారు. వాళ్ళలో ఒకామె కోరంగి పక్కపల్లెలో పుట్టిన పిల్ల, తిథి అడగకుండానే పోటు వేళ చెబుతుంది.

వానలు వెనకపట్టాక వచ్చే పౌర్ణమి పోట్లకి ఈ ఏటి కొలతలు మొదలుపెడుతున్నాం. చొల్లంగి, కోరంగి, భైరవపాలెం చుట్టుపక్కల ఇంటరు, డిగ్రీ చదివే పిల్లలకి ఆసక్తి ఉంటే మీ కాలేజీ జీవశాస్త్రం మాస్టారి ద్వారా మాకు కబురు పంపండి. అనుమతి కాగితాల్లో పేర్లు ముందుగా రాయాలి కాబట్టి కొంచెం తొందరగా చెప్పండి. గుడ్డబూట్లు మేమిస్తాం. పెన్సిలు మాత్రం మీరే తెచ్చుకోండి, రెండు తెచ్చుకోండి, ఒకటి ఎలాగూ బురదలో పోతుంది.